ఆసరా గీత

యంత్రం అబద్ధం చెప్పదని రేడియోలో దేశమంతా వినేలా చెప్పింది డాక్టర్ సువర్చలే. ఇంకెవరో కాదు. అందుకని ఆ మాట పట్టుకుని శిబిరంలో ఎవరెన్ని చేసినా, తిట్టుకోవడానికి ఆమెకి తను తప్ప ఇంకో మనిషి దొరకలేదు.

చింతరేవు ఒడ్డున పాత ఉప్పు గోదాముల్లో పెట్టారు కాందిశీకుల శిబిరం. ఎప్పుడో తాతలనాడు ఇదే ఒడ్డున ఓడెక్కి, మెరియా దీవులకి చెరకు కొట్టడానికి పోయినవాళ్ళ మునిమనవలు వాళ్ళు. ఆ దీవుల్లో కొత్తగా గద్దెనెక్కినవాళ్ళు ఆసియా సంతతి అంటూ ఎవరూ మిగలడానికి వీల్లేదన్నారు. మూటలు కట్టుకుని ఓడల మీద పడ్డారు జనం. ఇక్కడ మంత్రిగారు సభలో లేచి, కుటుంబ పెద్దల్ని తీసుకుంటాం, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళనీ తీసుకుంటాం, అయితే తలకి ఇద్దరికి మించి ఆధారితులుండరని మా అంచనా, అన్నాడు. మొదటి ఓడ ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే అన్నాడు. చూడని జనాన్ని ఎలా లెక్కపెట్టావయ్యా అని అడిగినవాడు సభలో లేడు.

కాగితాలు దీవుల్లోనే తగలబెట్టారు. రక్తపరీక్ష చేయించండని కొందరన్నారు. శాఖ ఒప్పుకోలేదు. ఎవరు ఎవరికి పుట్టారో రక్తం చెబుతుంది గాని ఎవరు ఎవరి ఆసరాతో బతుకుతున్నారో చెప్పదు, చట్టంలో ఉన్నది ఆసరాయే గాని రక్తం కాదు, అని వాళ్ళ వాదన. చూడ్డానికి న్యాయంగానే ఉంది. సువర్చలకీ న్యాయంగానే అనిపించింది, ఎందుకంటే ఆసరాని కొలిచే యంత్రం అప్పటికే ఆమె దగ్గరుంది. తుఫానులో కొట్టుకుపోయిన ఊళ్ళ పిల్లల్ని వాళ్ళ వాళ్ళకి అప్పజెప్పడానికి చేసిందది. మంచి పనికే చేసింది. మంచి పనికి చేసిన కత్తిపీట ప్రభుత్వం చేతికి దొరికింది.

రెండు గాజు గదులు. ఒకదాంట్లో కుటుంబ పెద్ద, రెండోదాంట్లో ఆధారితుణ్ణని చెప్పుకునే మనిషి. ఒకరికొకరు కనిపించరు. ఇద్దరి మణికట్టుకీ పట్టీలు కడతారు. ఈ మనిషి మీకేమవుతారని స్పీకరు అడుగుతుంది. పెద్ద జవాబు చెప్పాక పక్కగది మనిషి చేత అంకెలు చదివిస్తారు. ఆ గొంతు చెవిన పడగానే పెద్ద ఒంట్లో కలిగే కదలికంతా, అరచేతి చెమట, గుండె తడబాటు, గొంతు బిగుసుకోవడం, తెర మీద గీతగా లేస్తుంది. నోరేమంటోందో యంత్రానికి పట్టదు. తెరకి అడ్డంగా ఇంకో గీత ఉంటుంది, దానికి సువర్చల పెట్టిన పేరు గడప. గీత గడప దాటితే ఆధారితుడి పట్టీ పచ్చగా వెలుగుతుంది, ఒడ్డున ఉండిపోవచ్చు. దాటకపోతే పట్టీ ఎర్రబడుతుంది. ఏ రంగైనా పట్టీ విప్పకూడదు, మనిషి ఎక్కడున్నా యంత్రం దాన్ని వెలిగిస్తూనే ఉంటుంది. ఎర్రపట్టీ వాళ్ళు రేవులో ఆగిన ఓడలోకి తిరిగి ఎక్కాలి. ఆ ఓడ మూడో దేశానికి పోతుందట. ఆ మూడో దేశం పేరు మాత్రం ఎవర్నడిగినా చెప్పరు.

సన్యాసమ్మ వంతు వచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది. నలభై దాటిన మనిషి, చెరకాకు కోసిన గాట్లు చేతుల నిండా. మొగుడు ఓడెక్కే ముందే పోయాడు, కుటుంబానికి పెద్ద ఇప్పుడు తనే. పోయే ముందు ఓడ జాబితాలో పేర్లు రాయించింది అతనే: భార్య సన్యాసమ్మ, కూతురు తవిటమ్మ. ఆ పిల్ల పక్క గదిలో కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ళుంటాయి. అవే కళ్ళు, అదే గడ్డం. గుడ్డివాడికి కూడా తల్లీకూతుళ్ళని తెలిసిపోతుంది.

ఈ పిల్ల మీకేమవుతుందని స్పీకరు అడిగింది.

"నాకేటీ కాదు బావూ" అంది సన్యాసమ్మ. "అచ్చియ్యమ్మ కూతురు."

పిల్ల అంకెలు చదివింది. సువర్చల తెర వైపు చూసి, పట్టీ ఊడిపోయిందేమోనని లేచి వెళ్ళి సరిచూసింది. ఊడలేదు. గీత నేలకి అతుక్కుని పాకుతోంది. దారిన పోయే దానయ్య గొంతుకి కూడా అంతకంటే లేస్తుంది. పరాయి పిల్ల గొంతు వింటే కాస్త జాలైనా కదలాలి. ఇక్కడ ఏదో గట్టి చెయ్యి గీతని అణిచిపెట్టి ఉంచినట్టుంది.

తవిటమ్మ పట్టీ ఎర్రబడింది. శిబిరం ఉపకమిషనరు పట్నాయక్ మొహం మాత్రం వెలిగింది. మొగుడు కూతురని రాయించిన పిల్లని పెళ్ళాం కాదంటోంది, యంత్రమూ కాదంటోంది, ఇంతకంటే నకిలీ ఆధారితురాలు ఎక్కడ దొరుకుతుంది? ఇంకాస్త గట్టిగా అడిగితే, ఆ పిల్లని పుట్టగానే అమ్మేశానని కూడా చెప్పింది సన్యాసమ్మ. చేటెడు తవుడుకి. పట్నాయక్ ఆ మాట మళ్ళీ చెప్పించుకుని మరీ విన్నాడు. మర్నాడు పత్రికల్లో, కాందిశీకులు పిల్లల్ని కొని ఆధారితులుగా తెస్తున్నారని పెద్ద అక్షరాలతో వచ్చేసింది. లోపలి గదిలో అడిగిన సంగతి పత్రికలకి ఎలా చేరిందో సువర్చలకి అంతుపట్టలేదు. అనుమానం మొలకెత్తింది మాత్రం అక్కడే.

పత్రికలు వచ్చిన ఆ మధ్యాహ్నమే ఒక ముసలమ్మ కాపలావాణ్ణి తోసుకుని లోపలికొచ్చింది. తనే అచ్చియ్యమ్మనంది. అక్క కొడుకు ఆసరా మీద వచ్చి పచ్చపట్టీ కట్టించుకున్న మనిషి.

"తవుడికి కొన్నది నానే. కొనకపోతే అది సచ్చిపోదేటి?" అని సువర్చల మీదకే దూకింది. "నీ యంత్రం సదువుకున్నాదంతారు, ఈ మాత్రం తెల్దా దానికి?"

నిలబెట్టి చెప్పించుకుంటే విషయం బయటపడింది. సన్యాసమ్మకి వరసగా ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోది పుట్టగానే పాతకాలం కట్టుబాటు ప్రకారం చేటలో పడుకోబెట్టి పొరుగామెకి తవుడుకి అమ్మేసింది. మృత్యువు వచ్చి సన్యాసమ్మ బిడ్డేదని వెతికితే దొరక్కూడదు. పాలిచ్చింది సన్యాసమ్మే, పెంచింది ఆమే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. కాని నా కూతురని ఏనాడూ అనలేదు. పిల్ల కూడా తల్లిని సన్నేసత్తా అనే పిలుస్తుంది. మొదట్లో నోటితో కాదంది. తర్వాత మొహంతో కాదంది. పద్నాలుగేళ్ళు సాధన చేసి చేసి చివరికి గుండెకి కూడా నేర్పింది, ఆ గొంతు వింటే ఉలక్కూడదని. ప్రేమ లేక అణగలేదు ఆ గీత. ప్రేమే అణిచింది.

సువర్చల లేచింది. వెంటనే పట్నాయక్ దగ్గరికి వెళ్ళింది. అతను అంతా విని తలూపాడు. చాలా బాధాకరం అన్నాడు. అచ్చియ్యమ్మ కుటుంబ పెద్దగా కూర్చుని పిల్లని తన ఆసరాగా చూపొచ్చు కదా అని సువర్చల అడిగితే, నవ్వి, అచ్చియ్యమ్మే ఇంకొకరి ఆధారితురాలు, ఆధారితులకి ఆధారితులుండరు, నియమం అన్నాడు. నియమం ఎప్పుడొచ్చిందని అడిగింది. ఎప్పుడూ ఉందన్నాడు. ప్రభుత్వంలో నిన్న పుట్టిన నియమానికి కూడా గెడ్డం నెరిసే ఉంటుంది.

సువర్చల ఇల్లు రేవుకి దగ్గర్లోనే. అమ్మానాన్నా లేరు. తమ్ముడు భానోజీని ఆమే పెంచింది. అతను రేవులో క్రేను నడుపుతాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె ముద్ద ముట్టకుండా కూర్చుంటే, ఏమైందక్కా అని కదిపి, ఓడలవాళ్ళ కబుర్లు తను విన్నవి చెప్పుకొచ్చాడు. చెరకు మిల్లు మేస్త్రీ ఒకడికి ఇద్దరు కొడుకులట. ఇద్దరికీ పచ్చపట్టీలే. కాని పెద్దాడి గొంతుకి లేచినంత గీత తన గొంతుకి లేవలేదని చిన్నాడు తెరమీద చూశాడట. అప్పట్నించీ తండ్రి పక్కన పడుకోవడం మానేశాడట. కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయైతే మొగుణ్ణి, నీ గీత ఎంతుందో చెప్పమని రోజూ సతాయిస్తోందట.

నీ యంత్రం కాపురాలు కూల్చడానికి కూడా పనికొస్తోందక్కా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆమె నవ్వలేదు. బుర్రలో వేరే లెక్క తిరుగుతోంది. మొదటి ఓడలో పెద్ద పెద్ద సంసారాలొచ్చాయి, ఒక్కొక్కరి వెనక అరడజను పిల్లలు. రెండో ఓడ నిండా పెళ్ళికాని కుర్రాళ్ళు, ఒక్కొక్కరి వెనక ఇద్దరో ముగ్గురో ఆధారితులు. ఏ ఓడ దిగినా సాయంత్రానికి ఒడ్డున మిగిలేది తలకి ఇద్దరే. మంత్రిగారన్న ఇద్దరే. మనుషులు మారితే గీతలు మారాలి, మొత్తం మారాలి. మొత్తం మారకుండా ఉండాలంటే ఏం మారాలి? గడప మారాలి.

గడపని కాస్త అటూ ఇటూ సర్దే మర యంత్రంలో ఉంది. పెట్టింది ఆమే. ఊరిని బట్టి మనుషులు మారతారు, సర్దుకోడానికి ఉండాలని పెట్టింది. ఆ మరని రాజధాని నుంచే తిప్పేలా తీగ కలపమని శాఖవాళ్ళు అడిగినప్పుడు, పని సులువవుతుందని సరేనంది.

తెల్లారి పరీక్షలు మొదలవక ముందే తమ్ముణ్ణి లాక్కొచ్చి రెండో గదిలో కూర్చోబెట్టింది. తను పెద్ద కుర్చీలో కూర్చుని పట్టీ కట్టుకుంది. ఎవరని అడిగితే తమ్ముడంది. భానోజీ అంకెలు చదివాడు, మధ్యలో ఒక దగ్గు కూడా దగ్గాడు. గీత బాగానే లేచింది. గడప దాటింది. అతని పట్టీ పచ్చబడింది. దాన్ని విప్పకుండా క్రేను మీదకి పొమ్మంది.

పదిగంటల వేళ కొత్త ఓడ వచ్చింది. జనం దిగడం మొదలైంది. పెద్ద సంసారాలు. చంకల్లో పిల్లలు, వీపుల మీద ముసలివాళ్ళు. మధ్యాహ్నానికి భానోజీ క్రేను దిగి పరిగెత్తుకొచ్చి చెయ్యి చూపించాడు. పట్టీ ఎర్రగా వెలుగుతోంది.

"అక్కా, నీకు నేనేమీ కానట" అన్నాడు. ఈసారి మొహంలో నవ్వు సగమే ఉంది.

ఆమె తెర మీద తమ గీతని మళ్ళీ తీసి చూసింది. పొద్దున ఎంతుందో అంతే ఉంది, వెంట్రుక వాసి కదల్లేదు. గడప మాత్రం బెత్తెడు పైకెక్కి కూర్చుంది. పొద్దున తమ్ముడైనవాడు మధ్యాహ్నానికి కాకుండా పోయాడు. కారణం అతను కాదు, ఆమె కాదు. ఓడలోంచి ఇంకొంతమంది దిగారు, అంతే.

గీత దిగలేదని తెలిసి కూడా ఆమె దాన్ని రెండుసార్లు చూసుకుంది. భానోజీ అది గమనించాడు. చెడ్డ యంత్రం పెట్టే చిచ్చు అలాగే ఉంటుంది. తప్పని తెలిసినా మనసు ఒకసారి తడిమి చూసుకుంటుంది.

పట్నాయక్ అబద్ధమాడతాడనుకుని వెళ్ళింది. ఆడలేదు. తలుపు మూసి, కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించాడు.

"అమ్మా, సంఖ్య సభలో చెప్పేశారు. చెప్పిన సంఖ్య వెనక్కి తీసుకుంటే ప్రభుత్వం కదిలిపోతుంది. మనుషుల్ని వెనక్కి తీసుకుంటే ఓడ కదులుతుంది. ఏది సులువో మీరే చెప్పండి."

అలాంటప్పుడు యంత్రమెందుకు, చీట్లు తీయొచ్చుగా అంది సువర్చల.

చీట్లు తీస్తే ప్రభుత్వాన్ని తిడతారు, యంత్రం కాదంటే ఇంటికెళ్ళి ఒకరినొకరు తిట్టుకుంటారు అన్నాడు పట్నాయక్. అతను చెడ్డవాడిలా చెప్పలేదు. ఇల్లు ఎలా ఊడవాలో కొత్త కోడలికి చెప్పే అత్తగారిలా చెప్పాడు. అదే ఎక్కువ భయం వేసింది ఆమెకి.

సన్యాసమ్మ పిల్లకి మళ్ళీ పరీక్ష పెట్టనివ్వాలని, లేకపోతే ఈ మాటే రేడియోలో చెబుతానని బెదిరించింది. అతను వెంటనే సరేనన్నాడు. బేరమాడలేదు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అందులో ఏదో ఉందని సువర్చలకి తోచింది గాని, ఏమిటో అప్పటికి తెలియలేదు. ఎర్రపట్టీల ఓడ సాయంత్రం పోటుకి బయల్దేరుతుంది. ఆలోచించుకునే వ్యవధి లేదు.

సన్యాసమ్మ నీళ్ళ పంపు దగ్గర బట్టలు పిండుతోంది. సువర్చల ఆమె పక్కన కూర్చుని బతిమాలింది. ఒక్కసారి నా కూతురని చెప్పు, గీత దానంతటదే లేస్తుంది, పిల్ల నీతో ఉండిపోతుంది అంది. మృత్యువు చెవులొగ్గి వింటూ ఉండదని, పోయిన ముగ్గురూ జ్వరాలతో పోయి ఉంటారని, తనకి తెలిసిన శాస్త్రమంతా చెప్పింది. సన్యాసమ్మ బట్ట పిండటం ఆపకుండా అంతా విన్నది.

"ఓడెక్కితే అది ఎక్కడో దగ్గిర బతుకుద్ది డాక్టరమ్మా. నాను ఆ మాటంటే బతకదు" అంది చివరికి. "ముగ్గుర్ని మట్టిలో పెట్టినాను. నువ్వొక్కర్ని పెట్టి రా, అప్పుడు సెప్పు."

పరీక్షకైతే వస్తానంది సన్యాసమ్మ, మళ్ళీ అడిగినా అదే చెబుతానని ముందే చెప్పి మరీ వచ్చింది. గాజుగదిలో కాళ్ళు మడిచి కుర్చీ మీదే బాసింపట్టు వేసుకు కూర్చుంది. స్పీకరు అడిగింది. నాకేటీ కాదంది. పక్కగదిలో తవిటమ్మని అంకెలు చదవమన్నారు.

ఒకటి చదివింది. రెండు చదివింది. మూడు దగ్గర ఆగింది. ఆ పిల్ల గాజు గోడ వైపు చూసింది. అవతలున్నది కనపడదు. ఓడ పోయే చోటికి పేరు లేదని ఆ పిల్లకీ తెలుసు. పెదవి కొరుక్కుంది.

"అమ్మా" అంది.

గొంతు చిన్నదే. అయినా తెర మీద గీత నేల మీంచి ఎగిరి, గడప దాటి, తెర అంచు దాటి, ఇక పోవడానికి చోటు లేక అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయింది. సువర్చల ఇన్నేళ్ళలో అంత గీత చూడలేదు. అది ప్రేమ గీత మాత్రమే కాదు. తన బిడ్డ గుర్తు చావుకి తెలిసిపోయిందని నమ్మిన తల్లి గీత. సన్యాసమ్మ లేచి అరచేతులతో గాజుని బాదుతోంది. నోరు మూయమంటోంది, నన్నలా అనకే అంటోంది. పక్కగదిలో తవిటమ్మ చేతిపట్టీ పచ్చగా వెలుగుతోంది. పిల్ల దాన్ని చూసుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది.

బయట గోదాము అరుగు మీద కూర్చున్న అచ్చియ్యమ్మ చేతిపట్టీ, సరిగ్గా ఆ క్షణానే ఎర్రబడింది.

సువర్చలకి అప్పుడు తెలిసింది, పట్నాయక్ ఎందుకు బేరమాడలేదో. పిల్ల లోపలికొస్తే ఎవరో ఒకరు బయటికి పోతారు. గడప దానంతటదే వెంట్రుకంత లేచింది. ఆ వెంట్రుక కింద అందరికంటే దగ్గరగా ఉన్న గీత ఈ ముసలమ్మది. అక్క కొడుక్కి పిన్ని మీద ఆపేక్ష లేకపోలేదు, కాస్త తక్కువ. ఆ కాస్తకే ఓడ.

కాపలావాడు వచ్చి అచ్చియ్యమ్మని లేవమన్నాడు. ముసలమ్మ వాడితో తగువాడలేదు. మూట చంకన పెట్టుకుని, పొద్దున పచ్చగా ఉందిగా బావూ అని మాత్రం అడిగి, ఓడ వైపు నడిచింది.

సన్యాసమ్మ గాజుగది దాటి బయటికి రావడం, ముసలమ్మ వెళ్ళడం చూడటం ఒక్కసారే జరిగాయి. ఆమె ఏడవలేదు, ఆలోచించనూ లేదు. కూతురి రెక్క పుచ్చుకుని ఈడ్చుకుంటూ ఓడ దాకా తీసుకెళ్ళి అచ్చియ్యమ్మ వెనక నిలబెట్టింది.

"పిలవకూడని పిలుపు పిలిచీసినావు. ఇంక దాని సేతికిందుంటేనే నువ్వు బతుకుతావు. అదెక్కడికెల్తే అక్కడికెల్లు" అంది. వెనక్కి తిరిగి చూడకుండా నాలుగడుగులు వేసి, అక్కడ ఇసకలో నిలబడిపోయింది.

పిల్ల తల్లికేసి, ముసలమ్మకేసి చూసింది. ఇంత చేసి నిలబెట్టుకున్న ఒడ్డు. పెద్ద బూతు ఒకటి తిట్టి, అచ్చియ్యమ్మ చేతిలోంచి మూట లాక్కుని, ఒడ్డు నుంచి ఓడకి వేసిన ఎక్కుడు బల్ల మీద ముందు నడిచింది. బల్ల చివర, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ యంత్రానికి లెక్క చెప్పే లెక్కదీపాలు దాటి ఇద్దరూ ఓడలో అడుగు పెట్టారు.

ఒడ్డున ఒక చోటు ఖాళీ అయింది. గడప వెంట్రుకంత దిగింది. అచ్చియ్యమ్మ చెయ్యి పచ్చబడింది.

ఓడ కాపలావాడు నివ్వెరపోయాడు. పచ్చపట్టీ మనిషి ఓడలో ఉండకూడదని వాడికి ఉత్తర్వు. దిగమన్నాడు. అచ్చియ్యమ్మ దిగింది. ముసల్దాని చేతికింద ఉండమంది కదా తల్లి, తవిటమ్మా దిగింది. తెర అంచు దాటిన గీత గల పిల్ల ఒడ్డున కాలు పెట్టేసరికి గడప మళ్ళీ లేచింది, అచ్చియ్యమ్మ మళ్ళీ ఎర్రబడింది. ఒడ్డు కాపలావాడు ఎక్కమన్నాడు. వాడి ఉత్తర్వు వాడిది. ఎక్కారు. పచ్చబడింది. దిగమన్నారు. దిగారు. ఎర్రబడింది.

మొదట జనం నవ్వారు. కొత్త ఓడ జనం, పాత ఓడ జనం, గోదాముల్లోంచి పిల్లలు, అందరూ వచ్చి మూగారు. మూడోసారి ఎక్కుతూ అచ్చియ్యమ్మ బల్ల మధ్యలో నడుం పట్టుకుని ఆగింది.

"ఏం బావూ, నాను మనిసినా, ఉయ్యాలనా? ఊపే వోడెవడో సెప్పండి, ఆడికో దండం ఎడతాను."

నవ్వు అక్కడ ఆగిపోయింది. చెరకు మిల్లు మేస్త్రీ అన్నాడు, ఆ గుంట దిగితే ముసల్ది ఎర్రబడతంది, ఒకటే సోటుంది అక్కడ, ఇద్దరున్నారు, అని. అతని చిన్న కొడుకు జనం మధ్యలోంచి తండ్రి మొహం కేసి చూశాడు.

పట్నాయక్ పరిగెత్తుకొచ్చాడు. యంత్రంలో చిన్న లోపమని, డాక్టరమ్మగారు సరిచేస్తారని, అందరూ లోపలికి పోవాలని చెప్పాడు. సువర్చల వైపు తిరిగి, సరిచేస్తానని చెప్పండమ్మా అన్నాడు. రేడియోలో ఏ గొంతుతో చెప్పిందో ఆ గొంతే అతనికి కావాలి.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, జనానికి వినపడేంత పైకి ఎక్కి నిలబడింది.

"లోపం లేదు. సంఖ్య ముందే రాసిపెట్టారు. మీరు ఒకరినొకరు ఎంత ప్రేమించినా ఆ సంఖ్య మారదు. నా యంత్రం చేసేదల్లా మీలో ఎవర్ని తోసెయ్యాలో మీ చేతే చెప్పించడం. గీత తక్కువొచ్చిందని ఎవరూ ఎవర్నీ అనుమానించకండి. అనుమానించాల్సింది గడపని."

ఆమెకి ఉపన్యాసాలు అలవాటు లేదు. అంతకంటే మాట రాలేదు. రావాల్సిన పనీ లేకపోయింది. సన్యాసమ్మ ఇసకలోంచి కదిలింది. జనాన్ని తప్పించుకుంటూ బల్ల ఎక్కి, అచ్చియ్యమ్మ నిలబడ్డ చోటికి వెళ్ళి, ఆమెని భుజం పట్టి కూకోబెట్టి, తనూ కూర్చుంది. ఇటు ఒడ్డు కాదు, అటు ఓడ కాదు. లెక్కదీపాలకి ఇవతల, ఇసకకి అవతల. పిల్లని ఇద్దరి మధ్యా కూర్చోమంది. తన వైపు పిల్ల ఒరిగితే మాత్రం మోచేత్తో ముసలమ్మ వైపుకి నెట్టింది. నెట్టిన మోచెయ్యి వెనక్కి తీసుకోకుండా అక్కడే, పిల్ల పక్కటెముకల మీదే ఉంచింది.

మేస్త్రీ వచ్చి వాళ్ళ వెనక కూర్చున్నాడు. తర్వాత అతని చిన్న కొడుకు, సువర్చల. తర్వాత పచ్చపట్టీలు, ఎర్రపట్టీలు కలగాపులగంగా. బల్ల నిండిపోతే మిగిలినవాళ్ళు ఇసకలో కూర్చున్నారు. పోటు వచ్చింది. ఓడ కూత వేసింది. బల్ల ఎత్తమని పట్నాయక్ క్రేను వైపు చేతులూపాడు. భానోజీ క్రేను ఆపేసి, కిందికి దిగి, అక్క పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. అతని చెయ్యి ఇంకా ఎర్రగానే వెలుగుతోంది.

దీపాలు పెట్టే వేళకి గోదాము గోడ మీద స్పీకరు వార్తలు మొదలెట్టింది. కాందిశీకుల లెక్క ముగిసిందని, మంత్రిగారి అంచనాకి ఒక్క మనిషి అటూ ఇటూ కాలేదని చదివింది. ఆ లెక్కలో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే చెక్క మీద మోకాళ్ళు తగిలేలా కూర్చుని విన్నారు. ఓడ కదల్లేదు.